మీరడిగినవి: ఓడలెక్కించి ఆస్ట్రేలియాకు పంపిన బ్రిటిష్ ఖైదీల సంగతి

గత సంచికలో అండమాన్ సెల్యులర్ జైలు గురించి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్నకు జవాబిస్తూ, మనవాళ్లను అండమాన్‌కు పంపడానికి చాలా ముందే బ్రిటిష్ ప్రభుత్వం తన సొంత ప్రజలను లక్షకు పైగా ఇదే తీరున ఆస్ట్రేలియాకు తరలించిందని ఒక్క వాక్యం రాశాము. ఆ వాక్యం మీద విజయవాడ, గుంటూరు, పరిసర ప్రాంతాల పాఠకులు వరుసగా ఉత్తరాలు రాశారు. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: రొట్టెముక్క దొంగిలించినవాణ్ణి ఆస్ట్రేలియాకు పంపి, జీవితాంతం సంకెళ్లు వేసి చీకటి కొట్లో ఉంచేవారని నా విద్యార్థులకు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాను. ఇది ఎంతవరకు నిజం? శిక్ష పడిన దగ్గర నుంచి ఆ మనిషికి ఏమేమి జరిగేది?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీరు చెప్పిన దానిలో మొదటి సగం నిజానికి దగ్గరగా ఉంది, రెండో సగం మాత్రం కొద్దిమంది విషయంలోనే నిజం. ఆస్ట్రేలియాకు వెళ్లిన ఖైదీల్లో అత్యధికులు దొంగతనం కేసుల్లో శిక్ష పడినవారే. వారు ఎత్తుకుపోయినవి కూడా చాలావరకు బట్టలు, చేతిరుమాళ్లు, గడియారాలు, గొర్రెలు, ఇంటి సామాను వంటివే. అయితే వారందరూ ఆకలికి తట్టుకోలేక తొలిసారి చేయి చాచిన అమాయకులని అనుకోవడం కూడా సరికాదు, ఎందుకంటే వారిలో అంతకుముందే ఒకటి రెండు శిక్షలు పడినవారు చాలామంది ఉన్నారు.

ఇంత చిన్న నేరానికి అంత పెద్ద శిక్ష ఎందుకు పడిందో తెలియాలంటే అప్పటి ఇంగ్లండు చట్టాన్ని చూడాలి. 18వ శతాబ్దం చివరికి అక్కడ రెండు వందలకు పైగా నేరాలకు ఉరిశిక్ష ఉండేది, ఒక ఇంట్లో నుంచి 40 షిల్లింగుల విలువైన సొత్తు దొంగిలించినా మెడకు ఉరితాడే. ఆ కఠినత్వం జ్యూరీలకే మింగుడుపడక, పోయిన సొత్తు ఎంత విలువైనదైనా దానిని 39 షిల్లింగులుగా నిర్ణయించి ముద్దాయి ప్రాణం కాపాడిన సందర్భాలు కోర్టు పత్రాల్లో కనిపిస్తాయి. ఉరికీ విడుదలకూ నడుమ మరొక శిక్ష కావలసి వచ్చింది, దేశాంతరం పంపడం ఆ లోటు తీర్చింది. 1718లో చేసిన చట్టం ప్రకారం మొదట అమెరికా వలస రాజ్యాలకు పంపేవారు. 1775లో అమెరికన్లు తిరగబడి యుద్ధం మొదలవడంతో ఆ దారి మూతపడింది. జైళ్లు నిండిపోయాయి, 1776 నుంచి థేమ్స్ నదిలో పాత ఓడలను నిలిపి వాటినే జైళ్లుగా వాడుకున్నారు, అవీ నిండిపోయాయి. చివరికి ఆర్థర్ ఫిలిప్ నాయకత్వంలో 11 ఓడలు, సుమారు 750 మంది ఖైదీలతో 1787 మే 13న పోర్ట్స్‌మత్ రేవు నుంచి బయలుదేరి, ఎనిమిది నెలలకు పైగా ప్రయాణించి ఆస్ట్రేలియా తూర్పు తీరం చేరాయి. సిడ్నీలో జెండా ఎగరేసిన రోజు 1788 జనవరి 26. మనం గణతంత్ర దినోత్సవం జరుపుకొనే తేదీనే అక్కడ జాతీయ దినంగా పాటించడం కేవలం యాదృచ్ఛికం. అప్పటి నుంచి 1868లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ రేవుకు చివరి ఓడ చేరేదాకా ఎనభై ఏళ్లలో సుమారు 1,62,000 మందిని అలా పంపారు. శిక్ష సాధారణంగా ఏడేళ్లు, పద్నాలుగేళ్లు, లేదా యావజ్జీవం.

రాజకీయ కారణాలతో వెళ్లినవారు సంఖ్యలో కొద్దిమందే అయినా చరిత్రలో పేరు నిలిచింది వారిదే. 1834లో టాల్‌పడిల్ అనే పల్లెలో ఆరుగురు వ్యవసాయ కూలీలు కూలిరేట్ల కోసం సంఘం పెట్టుకొని రహస్యంగా ప్రమాణం చేశారన్న నేరానికి ఏడేళ్ల శిక్ష పడి ఓడ ఎక్కారు. ఇంగ్లండులో పెద్ద ఎత్తున ఆందోళన జరిగిన మీదట 1836లో వారికి క్షమాభిక్ష లభించింది.

ప్రయాణం గురించి ఒక్క ఉదాహరణ చాలు. 1790లో సిడ్నీ చేరిన రెండో ఓడల దండును బానిసల వ్యాపారంలో ఆరితేరిన ఒక కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చారు. ఎక్కించిన తలకు ఇంత అని డబ్బు ముట్టజెప్పారే తప్ప, దించిన తలకు ఇంత అని షరతు పెట్టలేదు. బయలుదేరిన వెయ్యి మందిలో నాలుగోవంతుకు పైగా దారిలోనే చనిపోయారు, బతికి దిగినవారిలోనూ ఎందరో రేవులో దిగిన కొద్ది రోజులకే కన్నుమూశారు. తరువాతి కాంట్రాక్టుల్లో నిబంధనలు మార్చి, 1815 నుంచి ప్రతి ఓడకూ ప్రభుత్వ వైద్యుడిని పర్యవేక్షకుడిగా నియమించాక మరణాలు బాగా తగ్గాయి. మనిషి ప్రాణం కాంట్రాక్టు రాసుకున్న తీరు మీద ఆధారపడిందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఓడ దిగగానే పేరు, వయసు, పుట్టిన ఊరు, వృత్తి, నేరం, శిక్ష, ఎత్తు, కళ్ల రంగు, ఒంటిమీది మచ్చలు, పచ్చబొట్లు అన్నీ రిజిస్టరులో ఎక్కించేవారు. ఆ తరువాత జరిగేది చదివితే జైలు కథలా అనిపించదు. వడ్రంగి, తాపీ, కమ్మరి పని తెలిసినవారిని ప్రభుత్వం తన నిర్మాణాల కోసం అట్టిపెట్టుకునేది, మిగిలినవారిలో ఎక్కువమందిని అక్కడ భూములు సంపాదించిన తెల్ల రైతులకు, పశువుల కాపులకు అప్పగించేది. మన గుంటూరు జిల్లాలో ఏడాది జీతానికి కుదిరిన పాలేరు రైతు ఇంటి వెనుక కొట్టంలో ఉండి, రైతు పెట్టింది తిని, రైతు చెప్పిన పని చేసినట్టే ఆ ఖైదీ కూడా బతికేవాడు. కాకపోతే పాలేరు సంవత్సరాంతాన మరో రైతు దగ్గరికి పోగలడు, ఖైదీకి ఆ వీలు లేదు. యజమాని మంచివాడైతే టీ, చక్కెర, పొగాకు దొరికేవి, చెడ్డవాడైతే కొరడా. జైలు గోడలు లేని శిక్షలో ఖైదీ రాత చాలావరకు అతణ్ణి ఎవరి చేతికి అప్పగించారన్న దాన్ని బట్టి ఉండేది. ఇందులో న్యాయం కంటే అదృష్టానిదే పెద్ద పాత్ర అని నా అభిప్రాయం.

మీరు చెప్పిన సంకెళ్లు, చీకటి గదులు అక్కడికి వెళ్లాక మళ్లీ నేరం చేసినవారికి. నార్ఫోక్ ద్వీపం, మక్వారీ హార్బర్, 1830లో మొదలైన పోర్ట్ ఆర్థర్ ఆ కోవకు చెందిన శిక్షా కేంద్రాలు. పోర్ట్ ఆర్థర్‌ను ప్రధాన భూభాగంతో కలిపే సన్నని నేలపట్టీ మీద వరుసగా కుక్కలను కట్టి కాపలా పెట్టారు. ఆ తరువాత అక్కడ కట్టిన ప్రత్యేక జైలులో ఖైదీలు ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, గది బయటకు వస్తే ముఖానికి ముసుగు వేసుకోవాలి.

ప్రశ్న: అంత దూరం తీసుకుపోయి వాళ్లకు తిండి ఏం పెట్టేవారు?
— ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మొదటి మూడు నాలుగేళ్లు దాదాపు కరువే. తెచ్చుకున్న విత్తనాలు ఆ నేలలో సరిగా మొలవలేదు, సాయంగా బయలుదేరిన గార్డియన్ అనే ఓడ మంచుకొండను ఢీకొంది, ఉన్న సిరియస్ ఓడ 1790 మార్చిలో నార్ఫోక్ ద్వీపం దగ్గర రాళ్లకు తగిలి బద్దలైంది. దానితో మనిషికి వారానికి రెండున్నర పౌన్ల గోధుమపిండి, రెండు పౌన్ల బియ్యం, రెండు పౌన్ల ఉప్పు పంది మాంసం మాత్రమే ఇవ్వడం మొదలుపెట్టారు. పౌను అంటే మన లెక్కలో అర కిలో కంటే కొంచెం తక్కువ. గవర్నర్ ఫిలిప్ తన సొంత పిండి నిల్వను కూడా గిడ్డంగికి ఇచ్చివేసి అందరితో పాటు అదే కొలత తీసుకున్నాడు. ఆయన ఇంటికి విందుకు పిలుపు అందుకున్న అధికారులు ఎవరి రొట్టె వారు వెంట తెచ్చుకోవలసి వచ్చేది. ఆతిథ్యానికి పేరున్న మన కృష్ణాతీరం వారికి ఇది నమ్మశక్యంగా ఉండకపోవచ్చు.

మీకు ఆసక్తి కలిగించే సంగతి మరొకటి ఉంది. సహాయం కోసం కలకత్తాకు పంపిన అట్లాంటిక్ అనే ఓడ 1792 జూన్‌లో సిడ్నీకి తిరిగివచ్చినప్పుడు అందులో బియ్యం, సూజీ, పప్పు ఉన్నాయి. ఆ కాలనీలో న్యాయాధికారిగా ఉన్న డేవిడ్ కాలిన్స్ ఆ సరుకుల పేర్లను హిందుస్తానీలో విన్నది విన్నట్టు రాసిపెట్టాడు. పంది మాంసానికీ రొట్టెకూ అలవాటుపడిన లండన్ దొంగలు ఆ రకంగా కందిపప్పో పెసరపప్పో ఉడికించుకొని తినవలసి వచ్చింది.

కరువు తీరాక పరిస్థితి తారుమారైంది. 1830ల నాటికి యజమాని తన దగ్గరి ఖైదీకి వారానికి 9 పౌన్ల పిండి లేదా 12 పౌన్ల గోధుమలు, 7 పౌన్ల గొడ్డు మాంసం లేదా గొర్రె మాంసం, 2 ఔన్సుల ఉప్పు, 2 ఔన్సుల సబ్బు ఇవ్వాలని నిబంధన ఉండేది. ఏడాదికి మూడు చొక్కాలు, రెండు ప్యాంట్లు, మూడు జతల బూట్లు, ఒక టోపీ కూడా ఇవ్వాలి. ఇంగ్లండులో స్వేచ్ఛగా బతుకుతున్న వ్యవసాయ కూలీకి వారానికి అంత మాంసం కంటబడేది కాదు. శిక్ష మరీ సుఖంగా ఉందని లండన్‌లో పెద్దలు అంతకు చాలా ముందు నుంచే గొణిగారు, 1819లో జాన్ బిగ్ అనే అధికారిని విచారణకు పంపారు, ఆయన నివేదికల తరువాత నియమాలు బిగిశాయి.

ప్రశ్న: యజమాని ఖైదీని కొట్టవచ్చునా? ఖైదీకి కోర్టుకు వెళ్లే హక్కు ఉండేదా? మన శిక్షాస్మృతిలోని ద్వీపాంతరవాసానికి దీనితో సంబంధం ఉందా?
— ఒక జూనియర్ న్యాయవాది, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: చట్టప్రకారం యజమాని చేయి చేసుకోకూడదు. ఖైదీని మేజిస్ట్రేటు దగ్గరికి పంపాలి, మేజిస్ట్రేటు విచారించి కొరడా దెబ్బలు వేయించాలి. వినడానికి బాగానే ఉంటుంది కాని, ఆ మేజిస్ట్రేటు సాధారణంగా పక్క ఎస్టేటు యజమానే, ఆయన దగ్గరా అలాంటి ఖైదీలే ఉంటారు, ఈ రోజు మీ ఖైదీ, రేపు ఆయన ఖైదీ. 1832లో గవర్నర్ బర్క్ ఒక్క మేజిస్ట్రేటు విధించగల దెబ్బలను 50కి పరిమితం చేస్తే, ఖైదీలు నెత్తికెక్కుతారని భూస్వాములు గగ్గోలు పెట్టారు. ఆ మరుసటి సంవత్సరమే జేమ్స్ మూడీ అనే భూస్వామికి చెందిన కాసిల్ ఫోర్బ్స్ ఎస్టేటులో ఖైదీలు తిరగబడ్డారు. వారిలో ఐదుగురిని ఉరితీశారు. కానీ అక్కడి తిండి, దెబ్బల సంగతి విచారణలో బయటపడి, కొన్నేళ్లకు మూడీ మేజిస్ట్రేటు పదవి ఊడింది.

మీ రెండో ప్రశ్నకు జవాబుగా ఒక కేసు చెబుతాను. న్యాయశాస్త్రం చదివినవారు తప్పక తెలుసుకోవలసిన కేసు ఇది. ఇంగ్లండు చట్టంలో మరణశిక్ష పడిన నేరస్థుడు, ఆ శిక్ష తగ్గి బతికినా, చట్టం దృష్టిలో చనిపోయినవాడితో సమానం కాబట్టి దావా వేయలేడు. అయినా 1788 జూలైలో, అంటే సిడ్నీ పుట్టిన ఆరు నెలలకే, హెన్రీ కేబుల్, సుసన్నా అనే ఖైదీ దంపతులు, తమ కోసం ఇంగ్లండులో దాతలు చందాలు వేసుకొని కొని పంపిన సామాను మూట ఓడలో మాయమైందని, అలెగ్జాండర్ ఓడ కెప్టెన్ మీద దావా వేశారు. ఆ దేశంలో జరిగిన మొదటి సివిల్ వ్యాజ్యం అదే. కోర్టు వారి పక్షాన తీర్పు చెప్పి 15 పౌండ్ల డబ్బు పరిహారంగా ఇప్పించింది. వారు నేరస్థులన్న అభ్యంతరాన్ని కోర్టు పట్టించుకోలేదు. ఊరంతా ఖైదీలే అయినప్పుడు ఖైదీ కోర్టుకెక్కరాదంటే ఆ ఊరిలో బేరసారాలే సాగవన్నది వారికి అర్థమైనట్టుంది.

ఇక 1860 నాటి భారత శిక్షాస్మృతిలో ద్వీపాంతరవాసం ఒక శిక్షగా ఉన్నమాట నిజం. అది ఇదే ఆలోచనకు మన దేశంలో వచ్చిన రూపం. 1955లో చేసిన సవరణ 1956 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చి దాని స్థానంలో యావజ్జీవ కారాగారాన్ని పెట్టింది. భారతీయులను ఆస్ట్రేలియాకు కాక పినాంగ్ వంటి ఆగ్నేయాసియా రేవులకు, 1858 నుంచి అండమాన్‌కు పంపారు. అయితే మన దేశంలో కోర్టు మార్షల్ జరిగిన కొందరు తెల్ల సిపాయిలను మాత్రం ఇక్కడి నుంచే సిడ్నీకి తరలించారు.

ప్రశ్న: ఆడవాళ్లను కూడా పంపారా? వాళ్ల పరిస్థితి ఏమిటి?
— ఒక ఉపాధ్యాయురాలు, తెనాలి

జవాబు: సుమారు 25,000 మందిని పంపారు. మొత్తం ఖైదీల్లో వారు సుమారు ఆరుగురిలో ఒకరు. ఎక్కువమంది ఇళ్లలో పనిమనుషులుగా దొంగతనం చేసి దొరికినవారు. అక్కడికి వెళ్లాక కూడా పనిమనుషులుగానే కుదిరారు, కాకపోతే జీతం లేదు, పని మానే హక్కు లేదు, యజమాని చెయ్యి పట్టుకుంటే చెప్పుకునే చోటు లేదు. గర్భం వస్తే తప్పు ఆమెదే. ఆమెను తిరిగి ఫ్యాక్టరీకి పంపేవారు.

ఫ్యాక్టరీ అన్న పేరు విని పొరబడకండి. సిడ్నీ దగ్గరి పారమట్టాలో జైలు పైఅంతస్తులో 1804లో మొదలై, 1821లో కొత్త కట్టడంలోకి మారిన ఆ సంస్థ ఒకేసారి జైలు, నేతపని శాల, ప్రసూతి కేంద్రం, పెళ్లిళ్ల పేరయ్య కొలువు కూడా. ఉన్ని వడకడం, నేయడం, బట్టలు ఉతకడం వారి పని. పెళ్లి చేసుకోదలచిన మగవారు అనుమతి కాగితంతో వచ్చి, వరుసలో నిలబెట్టిన స్త్రీలను చూసుకొని ఎంపిక చేసుకొనేవారు. నచ్చకపోతే ఆమె కూడా కాదనవచ్చును, ఆ మేరకు మన పాత పెళ్లిచూపుల కంటే నయమే. తప్పు చేసిన స్త్రీకి కొరడాకు బదులు తల గొరిగించేవారు, ఆ శిక్ష వారిని అన్నిటికంటే ఎక్కువగా రెచ్చగొట్టేది. 1827లో రేషన్ తగ్గించినందుకు పారమట్టా స్త్రీలు గుంపుగా తలుపులు విరగ్గొట్టి ఊరిలోకి వచ్చి రొట్టెల దుకాణాల మీద పడ్డారు. వాన్ డీమన్స్ లాండ్, అంటే నేటి టాస్మేనియాలో, 1828లో కాస్కేడ్స్ ఫ్యాక్టరీ వచ్చింది. అక్కడ పుట్టిన బిడ్డలు లెక్కకు మిక్కిలిగా చనిపోయారు, మిగిలినవారిని కొంత వయసు రాగానే తల్లుల నుంచి విడదీసి అనాథ శరణాలయాల్లో చేర్చారు.

మగపిల్లవాడి వేషంలో గుర్రం దొంగిలించి పదమూడేళ్ల వయసులో శిక్ష పడిన మేరీ రీబీ 1792లో సిడ్నీ చేరింది. 1811లో భర్త పోయాక ఏడుగురు పిల్లలతో ఓడలు, గిడ్డంగులు, స్థలాలు నడిపి ఊరిలోని ధనవంతుల్లో ఒకరైంది. ఈనాటి ఆస్ట్రేలియా ఇరవై డాలర్ల నోటు మీద ఉన్నది ఆమె బొమ్మే. ఆమె కథను అందరూ చెబుతారు, నేనూ చెప్పాను. కానీ పాతిక వేల మందిలో ఆమె వంటివారు వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మందే.

ప్రశ్న: ఎవరైనా తప్పించుకున్నారా?
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, విజయవాడ

జవాబు: ప్రయత్నించినవారు చాలామంది, ఫలించింది కొందరికే. ఉత్తరంగా నడిచిపోతే చైనా వస్తుందని నమ్మి 1791లో ఐరిష్ ఖైదీలు కొందరు అడవిలో పడి నడిచారు. ఆ సంవత్సరమే మార్చిలో మేరీ బ్రయాంట్, ఆమె భర్త, ఇద్దరు పసిపిల్లలు, మరో ఏడుగురు ఖైదీలు గవర్నరు పడవను దొంగిలించి, కప్పులేని ఆ పడవలో సుమారు 5,000 కిలోమీటర్లు ప్రయాణించి తిమోర్ దీవిలోని కూపాంగ్ చేరారు. ఓడ పగిలి బతికిబయటపడినవారమని అక్కడి డచ్చివారికి చెప్పుకొని కొన్నాళ్లు గడిపినా, అసలు సంగతి బయటపడి పట్టుబడ్డారు. లండన్ చేరేలోపు ఆమె భర్తా, పిల్లలిద్దరూ చనిపోయారు. ఆమెకు మాత్రం 1793లో క్షమాభిక్ష లభించింది. 1803లో నేటి మెల్‌బోర్న్ సమీపంలో పారిపోయిన విలియం బక్లీ 32 ఏళ్లు అక్కడి ఆదివాసులతో కలిసి బతికి, బయటికి వచ్చేసరికి ఇంగ్లిషు మాటలు మరచిపోయాడు.

ప్రశ్న: శిక్ష పూర్తయ్యాక ఇంటికి పంపేవారా?
— ఒక రైల్వే ఉద్యోగి, విజయవాడ

జవాబు: పంపేవారు కాదు, పోనిచ్చేవారు. తీసుకువెళ్లేటప్పుడు ఖర్చు ప్రభుత్వానిది, తిరుగు ప్రయాణం ఖర్చు ఖైదీది. అంత డబ్బు కూడబెట్టగలిగినవారు తక్కువ, అందుకే అత్యధికులు అక్కడే ఉండిపోయారు. గడువుకు ముందే ఇంగ్లండులో కనబడితే చాలాకాలం పాటు దానికి ఉరిశిక్షే ఉండేది.

అయితే గడువు పూర్తయ్యేదాకా ఎవరికో పని చేయనక్కరలేదు. ప్రవర్తన బాగుంటే ఏడేళ్ల శిక్షవారికి నాలుగేళ్లకు, పద్నాలుగేళ్లవారికి ఆరేళ్లకు, యావజ్జీవంవారికి ఎనిమిదేళ్లకు ఒక అనుమతి పత్రం ఇచ్చేవారు. అది చేతిలో ఉంటే, రాసిన తాలూకా దాటకుండా, సొంతంగా కూలి చేసుకొని సంపాదించుకోవచ్చు. తాగి గొడవ చేస్తే అది పోతుంది, మళ్లీ మొదటికి వస్తుంది. ఆ తరువాత షరతులతో కూడిన క్షమాభిక్ష, అంటే ఇంగ్లండుకు తప్ప ఎక్కడికైనా పోవచ్చు. దాని పైన పూర్తి క్షమాభిక్ష. తొలినాళ్లలో విడుదలైన ఒంటరి మనిషికి 30 ఎకరాలు, పెళ్లయితే మరో 20, బిడ్డకు పదేసి ఎకరాలు ప్రభుత్వమే ఇచ్చింది.

ప్రశ్న: ఆ ఎకరాలు ఎవరివి? ఖైదీలను బాధితులుగానే చెబుతారు కాని, అక్కడ అంతకుముందే ఉన్న మనుషుల మాట ఎవరూ ఎత్తరేం?
— ఒక చరిత్ర విద్యార్థిని, గుంటూరు

జవాబు: మీ ప్రశ్న ఈ ఉత్తరాలన్నిటిలోకీ పదునైనది. ఆ నేల వేల ఏళ్లుగా ఆదివాసులది, వారితో ఒప్పందం గానీ, వారికి పరిహారం గానీ లేకుండా అది ఎవరిదీ కాదన్నట్టుగానే పంచిపెట్టారు. 1789లో సిడ్నీ చుట్టుపక్కల మశూచి వచ్చి వారిలో ఎందరినో తుడిచిపెట్టింది. ఖైదీ ఆ వ్యవస్థలో అట్టడుగున ఉన్నవాడే అయినా, పచ్చిక బయళ్ల అంచున, ఊరికి దూరంగా, గొర్రెల మందతో తుపాకీ ఇచ్చి నిలబెట్టింది అతణ్ణే. ఆక్రమణలో ముందు వరుస అతనిదే.

1838 జూన్ 10న మయాల్ క్రీక్ దగ్గర, పశువుల కొట్టం పక్కన నమ్మకంతో విడిది చేసిన విరయరాయ్ తెగకు చెందిన 28 మందిని, ఎక్కువగా స్త్రీలు, పిల్లలు, ముసలివారిని, తాళ్లతో కట్టి తీసుకుపోయి చంపారు. చంపిన పన్నెండుమందిలో పదకొండుమంది ఖైదీలు లేదా విడుదలైన ఖైదీలు, పన్నెండోవాడు భూస్వామి కుమారుడు. పదకొండుమందిని పట్టుకున్నారు, వారిలో ఏడుగురిని ఆ డిసెంబరులో ఉరితీశారు. భూస్వామి కొడుకు మాత్రం దొరకలేదు. ఆదివాసులను చంపినందుకు తెల్లవారికి శిక్ష పడటం అరుదు కాబట్టి ఆ కేసు ప్రసిద్ధి కెక్కింది. ఉరికంబం ఎక్కిన ఆ ఏడుగురూ ఏ తరగతివారో గమనించండి. అలాగని వారిపై నాకు జాలి లేదు. కొరడా దెబ్బ తిన్నంత మాత్రాన పసిపిల్లలను నరికే హక్కు రాదు.

ప్రశ్న: దీనికీ మన స్టూవర్టుపురం సెటిల్‌మెంటుకూ పోలిక ఉందంటారా?
— ఒక పాఠకుడు, బాపట్ల

జవాబు: పైకి ఉంది. రెండుచోట్లా బ్రిటిష్ ప్రభుత్వం నేరాన్ని పనితో, హాజరుతో, అనుమతి పత్రంతో మాన్పించవచ్చునని నమ్మింది. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ నిర్వహణలో ఎరుకల కుటుంబాలను స్టూవర్టుపురంలో ఉంచి, ఊరు దాటాలంటే చీటీ కావాలన్నారు. సిడ్నీలో అనుమతి పత్రం మీద తిరిగినవాడి స్థితీ అటువంటిదే.

కానీ తేడా పోలిక కంటే పెద్దది. ఆస్ట్రేలియాకు వెళ్లినవాడి నేరం, మంచో చెడో, ఒక కోర్టులో రుజువైంది, అతని శిక్షకు చాలామంది విషయంలో ఒక గడువు ఉంది, అతని బిడ్డలు పుట్టుకతో స్వతంత్రులు. 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టం కింద మన దగ్గర రిజిస్టరులో పేరు ఎక్కడానికి ఆ కులంలో పుట్టడమే చాలు, గడువు అన్న మాటే లేదు. 1952లో ఆ చట్టం రద్దయినా, ఆ ఊరి పేరు చెప్పి ఉద్యోగానికో పెళ్లి సంబంధానికో వెళ్లినవారిని అడిగితే మిగతా సంగతి వారే చెబుతారు. దొంగల మీద సరదాగా తీసిన సినిమాలు ఆ భారాన్ని ఇంకా పెంచాయి తప్ప తగ్గించలేదు.

ప్రశ్న: మా అమ్మాయిని టాస్మేనియాలో స్థిరపడిన ఒక ఆస్ట్రేలియన్ కుటుంబానికి ఇచ్చాము. మా వియ్యాలవారు తమ ముత్తాత తండ్రి ఖైదీగా వచ్చాడని నలుగురిలో గొప్పగా చెప్పుకుంటారు. మన వైపు ఇటువంటిది ఉంటే గుట్టుగా దాచుకుంటాము కదా. ఇది ఎలా సాధ్యమైంది? ఆయన వివరాలు ఎక్కడైనా దొరుకుతాయా?
— ఒక పాఠకురాలు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: మీ వియ్యాలవారి తాతలు మీలాగే దాచుకున్నారు. 1853లో ఖైదీలను పంపడం ఆగిపోగానే, వాన్ డీమన్స్ లాండ్ అన్న పేరు ఖైదీలకు మారుపేరైపోయిందని 1856లో టాస్మేనియాగా మార్చుకున్నారు. పెళ్లి సంబంధాల దగ్గర, ఎన్నికల దగ్గర ఆ మాట ఎత్తకుండా రెండు మూడు తరాలు గడిపారు. గర్వంగా చెప్పుకోవడం 20వ శతాబ్దం రెండో సగంలోనే బలపడింది. దానికి ఒక కారణం కాలం గడవడమే: అవమానం చేసినవారూ, పడినవారూ పోయాక మిగిలేది కథ. ఫోర్జరీ చేసి పద్నాలుగేళ్ల శిక్షతో వచ్చి, గవర్నర్ మక్వారీ కోసం సిడ్నీలో హైడ్ పార్క్ బారక్స్ కట్టిన ఫ్రాన్సిస్ గ్రీన్‌వే బొమ్మను 1966లో పది డాలర్ల నోటు మీద వేశారు. ఫోర్జరీ చేసినవాణ్ణి కరెన్సీ నోటు మీద ముద్రించగలిగిన దేశానికి ఆ సిగ్గు పోయిందనే అనుకోవాలి. ఆ బారక్స్‌తో సహా పదకొండు ఖైదీ స్థలాలు 2010లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి.

వివరాలు తప్పక దొరుకుతాయి. ఆస్ట్రేలియా ఖైదీల రికార్డులను యునెస్కో 2007లో తన ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. వాటిలో టాస్మేనియా రిజిస్టర్లు అత్యంత వివరమైనవి: మనిషి ఎత్తు, ముక్కు తీరు, పచ్చబొట్లు, తన నేరం గురించి అతడే చెప్పిన మాట, ఆ తరువాత ఏ తేదీన ఏ తప్పుకు ఏ శిక్ష పడిందో వరుసగా ఉంటాయి. టాస్మేనియా ప్రభుత్వ గ్రంథాలయ వెబ్‌సైట్‌లో వాటిని ఉచితంగా చూడవచ్చు. ఆయన లండన్‌లో శిక్ష పడినవాడైతే ఓల్డ్ బెయిలీ కోర్టులో 1674 నుంచి 1913 వరకు జరిగిన విచారణల నివేదికలు కూడా ఇంటర్నెట్‌లో ఉన్నాయి, సాక్షులు ఏమన్నారో, ఆయన ఏమని సమాధానం చెప్పుకున్నాడో చదవవచ్చు. వెతకబోయే ముందు మీ వియ్యాలవారిని ఆయన వచ్చిన ఓడ పేరు, వచ్చిన సంవత్సరం అడిగి తెలుసుకోండి. ఒకే పేరుతో పదుల సంఖ్యలో ఖైదీలు ఉన్నారు, ఓడ పేరు లేకపోతే వేరొకరి ముత్తాతను మీ అల్లుడి ముత్తాతగా ఇంటికి తెచ్చుకునే ప్రమాదం ఉంది.